స్వచ్ఛ తరంగంలో సీనియారిటీ

గట్ల పర్యవేక్షణ శాఖ కాలవమొగ జిల్లా కార్యాలయంలో ఎవరు ఎవరికంటే ముందు ఉద్యోగంలో చేరారో చెప్పాలంటే సూపరింటెండెంట్ దొమ్మేటి ధర్మారావే చెప్పాలి. ఇద్దరు ఒకేరోజు చేరితే ముందు గుమ్మం దాటిందెవరో చెప్పేవాడు. ఇద్దరూ కలిసి దాటితే వయసు చూసేవాడు. అదీ సమానమైతే, అంటే కవలలైతే, ఏం చెయ్యాలో తెలిపే పాత ఉత్తర్వు కూడా ఆయన బీరువాలో ఉండేది. అలాంటి కవలలు శాఖలో ఇంతవరకూ చేరకపోవడం ఆయన సర్వీసుకి తీరని లోటు.

కాలవ గట్లు ఎక్కడ తెగుతున్నాయో ఆ ఆఫీసులో ఎవరికైనా తెలుసో లేదో గాని, కుర్చీలు ఏ వరసలో ఉండాలో మాత్రం అందరికీ తెలుసు. ఫ్యాను గాలి ముందు ఎవరికి తగలాలి, టీ గ్లాసు ముందు ఎవరికి అందాలి, అన్నీ సీనియారిటీ జాబితా ప్రకారమే. ఆఖరివాళ్ళ దగ్గరకొచ్చేసరికి టీ చల్లారిపోయేది. "చల్లటి టీ నేనూ తాగానండి ఒకప్పుడు. తాగితేనే గదా ఇంతవాణ్ణయ్యాను" అనేవాడు ధర్మారావు, పొగలు కక్కే గ్లాసు ఊదుకుంటూ.

ఇంతవాడైనా ఆయనకి ఒక కోరిక మిగిలిపోయింది. ఆకుపచ్చ సిరా. ఆఫీసు కాగితాల మీద పచ్చ సిరాతో సంతకం పెట్టే యోగం గెజిటెడ్ అధికారులకే ఉంటుంది. ధర్మారావు సర్వీసంతా నీలం సిరాలోనే గడిచిపోయింది. ఇంకో రెండు నెలల్లో రిటైరవుతున్నాడు. ఈలోగా పరిపాలనాధికారిగా పదోన్నతి రావాలి, వరసలో ఆయన పేరే ముందుంది. ఆఖరి రోజు సాయంత్రం ఐదింటిలోపు ఆ కుర్చీలో చేరి ఒక్క సంతకం పెట్టినా చాలు, గెజిటెడ్ అధికారిగా రిటైరైనట్టే. పచ్చ సిరా పెన్ను ముందే కొని చొక్కా లోపలి జేబులో పెట్టుకు తిరుగుతున్నాడు. ఇంటి గేటుకి పెట్టబోయే రాతి పలక మీద పేరు చెక్కించి, కింద గెజిటెడ్ అధికారి అన్న మాటకి చోటు ఉంచమని భార్య తాయారుతో రాళ్ళతనికి చెప్పించాడు కూడా.

అలాంటి సమయంలో కమిషనరేట్ నుంచి స్వచ్ఛ తరంగ పథకం వచ్చి పడింది. ఏదో జిల్లాలో ఒక ఉద్యోగి ఆఫీసు వైఫైలో క్రికెట్ చూస్తూ చప్పట్లు కొట్టాడట. ఆ చప్పట్లు వీడియో సమావేశంలో కమిషనరుగారి ప్రసంగం మధ్యలో వినపడ్డాయట. చప్పట్లకి ఆయనకేం అభ్యంతరం లేదు గాని, అవి "క్రమశిక్షణ అడుగంటింది" అన్న వాక్యం దగ్గర పడ్డాయి. వెంటనే ఉత్తర్వు వెలువడింది. "కార్యాలయ వాయుమండలమునందు సంచరించు ప్రతి సమాచారమును వడపోసి, యోగ్యమైన దానిని మాత్రమే అనుమతించవలెను. ఇందు నిమిత్తం వైఫై పెట్టెలయందు తగు నియమములు పొందుపరచవలెను. అతిక్రమణలు శూన్యముగా ఉన్న కార్యాలయమునకు ప్రశంసాపత్రము ఇవ్వబడును."

కాలవమొగ ఆఫీసు ఒకప్పుడు ఉప్పు గిడ్డంగి. గోడలు గజం మందం. సెల్‌ఫోను సిగ్నలు ఆ గోడలు దాటి లోపలికి రాదు. మాట్లాడాలంటే డిప్యూటీ డైరెక్టరుగారి బల్ల మీద పాత ల్యాండ్‌లైను ఒకటుంది, మిగిలిన వాటన్నిటికీ వైఫైయే దిక్కు. ఉత్తర్వులు, ఫిర్యాదులు, సెలవులు అన్నీ శాఖ పోర్టల్లోనే నడుస్తాయి, ఉద్యోగులకి ఆ పోర్టల్ ఆఫీసు వైఫైలో తప్ప ఇంకెక్కడా తెరుచుకోదు. కాగితం మీద వచ్చిన ఉత్తర్వు చెల్లదని కిందటేడే కాగితం మీద ఉత్తర్వు వచ్చింది.

పెట్టెలు బిగించడానికి కంపెనీ నుంచి నస్రీన్ అనే ఇంజనీరు వచ్చింది. చిన్న వయసు, చకచకా మాట్లాడే మనిషి. తెల్లటి పెట్టె ఒకటి హాలు గోడకి బిగించింది. దాని నడినెత్తిన చిన్న దీపం వెలిగింది. ఆకుపచ్చ దీపం. ధర్మారావు దానికేసి కాసేపు చూసి, చేరిన రోజునే దీనికి పచ్చ ఇచ్చేశారన్నమాట అనుకున్నాడు.

"ఈ వడపోత ఎలా జరుగుతుందో చెప్పమ్మా" అన్నాడు.

"సింపులండి. మనం పంపే ప్రతిదీ చిన్నచిన్న ముక్కలై వెళ్తుంది సార్. ఒక్కో ముక్కనీ ప్యాకెట్ అంటాం. ఈ పెట్టె గుమ్మం లాంటిది. ఇందులో రూల్స్ వరసగా రాస్తాం. ప్యాకెట్ రాగానే మొదటి రూలు దగ్గరకెళ్తుంది. అది వదలమంటే వదిలేస్తుంది, ఆపమంటే ఆపేస్తుంది. తనకి సంబంధించింది కాకపోతే రెండో రూలు దగ్గరకి పంపిస్తుంది. అలా పైనుంచి కిందకి."

ధర్మారావు ముఖం విప్పారింది. జీవితంలో మొదటిసారి ఒక యంత్రం ఆయనకి నచ్చింది. "పైనుంచి కిందకి. వరస తప్పకుండా. అచ్చం మన ఆఫీసే" అన్నాడు.

"అవునండి. ముందు పోర్టల్ని వదలమని ఒక రూలు, తరవాత మెయిల్, తరవాత వీడియో సమావేశం, తరవాత డి.డి. గారి ఫోను, తపాలు సెక్షన్ కంప్యూటర్లు. అయిదు. ఆఖరున ఆరోది, అన్నీ ఆపు అని."

"అన్నీ అంటే?"

"పై అయిదూ వదలనివన్నీ దాని దాకా వస్తాయండి. అది అన్నిటినీ ఆపేస్తుంది."

ధర్మారావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ పని చేశాడంటే ఆయనకి ఎక్కడో వరస తప్పినట్టు అనిపించిందని ఆఫీసులో అందరికీ తెలుసు. "పోర్టల్ రూలుకి పోర్టల్ మీదే అధికారం. మెయిల్ రూలుకి మెయిల్ మీదే. ఈ ఆరోదానికి?"

"అన్నిటి మీదా అండి."

"అన్నిటి మీదా అధికారం ఉన్నవాణ్ణి అందరికంటే కింద కూర్చోబెడతారా అమ్మా? మీ కంపెనీలో ఎండీ గారిని గుమ్మం దగ్గర బల్ల వేసి కూర్చోబెట్టారా?"

నస్రీన్ నవ్వింది. ఆయన నవ్వలేదు. "సార్, దాన్ని పైన పెడితే ఏదీ లోపలికి రాదండి" అంది నిదానంగా. "అది సాంకేతిక విషయం. సీనియారిటీ పరిపాలనా విషయం" అన్నాడు ధర్మారావు. చెప్పవలసింది చెప్పానని, చెప్పింది చెయ్యమని తన కంపెనీ చెప్పిందని, నస్రీన్ ఊరుకుంది.

మర్నాడు నోటీసు బోర్డు మీద రూల్స్ ముసాయిదా సీనియారిటీ జాబితా అతికించారు. అన్నీ ఆపు, ఒకటో నంబరు. అభ్యంతరాలుంటే వారంలోపు తెలపాలి. అభ్యంతరం ఒక్కటే వచ్చింది, తపాలు సెక్షన్ సీనియర్ అసిస్టెంట్ కనకరత్నం నుంచి. ఆవిడ ఆఫీసులో చేరిన రోజున పడవ ఆలస్యమై మధ్యాహ్నం వచ్చింది. ఆ పూట తేడాకి ధర్మారావు ఆవిణ్ణి జాబితాలో ఒక మెట్టు కింద పెట్టాడు. ఆ మెట్టు వల్ల ఆవిడకి రావలసిన సీటు ఇంకొకరికి పోయింది. పడవ ఆలస్యమని ఎన్ని అర్జీలు పెట్టినా, పడవకి సీనియారిటీ లేదని రాసి పంపాడు. ఇప్పుడావిడ అడిగింది తన సెక్షన్ రూలు ఆరోస్థానానికి పడిపోయింది, దాన్ని ఒకటో నంబరు కన్నా పైకి తెమ్మని.

ధర్మారావు జవాబు రాశాడు. "జాబితాలో ఒకసారి కేటాయించిన స్థానమును తగ్గించుట శిక్షతో సమానము. సంజాయిషీ కోరక, విచారణ జరుపక ఎవ్వరినీ శిక్షింపరాదు. కావున అభ్యంతరము తిరస్కరించడమైనది." రాసి, నీలం సిరాతో సంతకం పెట్టాడు. కనకరత్నం ఆ కాగితాన్ని మడిచి సొరుగులో దాచుకుంది.

డిప్యూటీ డైరెక్టరు వజ్రపాణి గారికి తన ఫోను రూలు అయిదో స్థానంలో ఉండడం మొదట నచ్చలేదు. ఆయన మాట్లాడితే ఎదురుగా మైకు లేకపోయినా ఉన్నట్టే ఉంటుంది. "జిల్లా కార్యాలయాధిపతిగా నా స్థాయికి ఇది ఏ మేరకు సమంజసం అన్న ప్రశ్న ఉత్పన్నమవుతోంది ధర్మారావు గారూ" అన్నాడు. "మీ మీద ఉన్నది వ్యక్తులు కాదండి, నియమాలు. నియమాల కింద ఉన్న అధికారి అన్న కీర్తి మీకే దక్కుతుంది" అన్నాడు ధర్మారావు. ఆ మాట వజ్రపాణి గారికి ఎంత నచ్చిందంటే, ఆ వారంలో మూడు సభల్లో వాడుకున్నాడు.

జాబితా ఖరారైంది. నస్రీన్ వరస మార్చి బటన్ నొక్కింది. పెట్టె మీద పచ్చ దీపం వెలుగుతూనే ఉంది. కంప్యూటర్లలోకి వచ్చేవన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

మొదటి పూట ఎవరికీ అనుమానం రాలేదు. కమిషనరేట్ నుంచి ఒక్క ప్రశ్న రాలేదు, ఒక్క రిమైండరు రాలేదు, ఒక్క ఫిర్యాదు రాలేదు. మధ్యాహ్నానికి జనం మొహాల్లో ఒక కాంతి వచ్చింది. వజ్రపాణి గారు గదిలోంచి బయటికొచ్చి, "ఇంతటి ప్రశాంతత నా సర్వీసులో అనుభవించలేదు. ఇదే గదా సుపరిపాలన" అన్నాడు. సాయంత్రం ధర్మారావు నివేదిక తయారు చేశాడు. అనుమతించిన ప్యాకెట్లలో అతిక్రమణలు శూన్యం. అనుమతించిన ప్యాకెట్లూ శూన్యమే గాని, ఆ కాలమ్ నివేదికలో లేదు. పోర్టల్లో పంపడానికి కుదరదు కాబట్టి వజ్రపాణి గారు అంకెల్ని ల్యాండ్‌లైనులో చదివి వినిపించారు.

నాలుగు వారాలు గడిచాయి. రాష్ట్రం మొత్తం మీద అతిక్రమణలు లేని జిల్లా కాలవమొగ ఒక్కటే అని తేలింది. కమిషనరుగారు స్వయంగా ఫోను చేసి అభినందించారు. పక్క జిల్లావాళ్ళు జీపులో వచ్చి పెట్టెని చూసి, దాని కింద నిలబడి ఫొటో తీయించుకుని, ఆ ఫొటో పంపుకోవడం కుదరక తిరిగెళ్ళారు.

ఒకరోజు ఏటి మధ్య లంకనుంచి ఒక రైతు మోకాళ్ళ దాకా బురదతో వచ్చాడు. "గట్టుకి గండి పడిందండి. ఎలకబొక్కలోంచి మొదలెట్టి ఇంత అయింది. ఎవరన్నా వచ్చి చూడండి బాబూ."

"పోర్టల్లో పెట్టావా?" అన్నాడు ధర్మారావు.

"మా ఊరి నెట్ సెంటర్లో పెట్టించానండి. ఎన్నిసార్లు పెట్టినా మీ ఆఫీసు తీసుకోలేదంటంది."

"తీసుకోలేదంటే రూలు సక్రమంగా పనిచేస్తోందన్నమాట."

"పనిచేసుద్ది గానండి, గండి సంగతి?"

"ఫిర్యాదు లేకుండా గండి ఉందని మేమెలా అనుకుంటామయ్యా?" అన్నాడు ధర్మారావు, కోపం లేకుండానే. రైతు పెట్టెకేసి, ఆయనకేసి మార్చి మార్చి చూసి వెళ్ళిపోయాడు. ఆ నెల నివేదికలో గండ్లు కూడా శూన్యం.

రిటైర్మెంటు ఇంకో వారం ఉందనగా డి.డి. గారి గదిలో ల్యాండ్‌లైను మోగింది. ధర్మారావుకి. అవతల కమిషనరేట్‌లో ఆయన పాత స్నేహితుడు, పదోన్నతుల సెక్షన్ చూసే భీమశంకరం.

"ధర్మారావ్, నీ ప్రమోషను ఆర్డరు సంతకమైపోయిందయ్యా. పోర్టల్లో పంపడమే తరువాయి. నిన్నటినించీ నొక్కుతున్నాను. మీ ఆఫీసు తలుపు తియ్యట్లేదు. వెళ్ళినట్టే వెళ్ళి తిరిగొస్తోంది."

ధర్మారావు రిసీవరు చెవికి నొక్కుకున్నాడు. "కాగితం మీద పంపకూడదూ?"

"కాగితం చెల్లదు గదా. ముప్ఫై ఒకటి సాయంత్రం ఐదింటిలోపు అందితేనే లెక్క. ఆ తరవాత నీ ఫైలు దానంతటదే మూసుకుపోతుంది. మీ దగ్గర ఏదో పెట్టె ఉందట గదా, దాన్ని కాస్త చూడు."

ధర్మారావు హాల్లోకొచ్చి పెట్టెకేసి చూశాడు. పచ్చ దీపం నిశ్చలంగా వెలుగుతోంది. తన ఆర్డరు నిన్నటినించి ఆ గుమ్మం దాకా వచ్చి, ఒకటో నంబరు దగ్గర నిలబడి, వెనక్కి తిరిగి పోతోందని ఆయనకి అర్థమైంది. నస్రీన్‌ని పిలిపించాడు.

"ఒక్క నిమిషం పని సార్. ఒకటో నంబర్ని కిందకి దించితే చాలు" అందావిడ.

"దించెయ్యమ్మా."

"ఎలా దించుతారండి?" అంది కనకరత్నం తన సీట్లోంచి లేవకుండానే. సొరుగు తెరిచి మడత కాగితం తీసింది. "సంజాయిషీ కోరక, విచారణ జరుపక ఎవ్వరినీ శిక్షింపరాదు. మీ సంతకమేనాండి ఇది?"

తన సంతకాన్ని తనే కాదనలేని చోట నిలబడ్డాడు ధర్మారావు. వజ్రపాణి గారి దగ్గరకి పరిగెత్తాడు. ఆయన విని, సుదీర్ఘంగా నిట్టూర్చి, "ఇవాళ విచారణ లేకుండా ఒకటో నంబరుని దించితే, రేపు ఎవరైనా ఇదే ఉదాహరణ చూపి నన్ను దించరని భరోసా ఏమిటి? పద్ధతి ప్రకారం వెళ్దాం. మీరు నేర్పిన పద్ధతే" అన్నాడు.

పద్ధతి ప్రకారమే వెళ్ళారు. ఒకటో నంబరుకి సంజాయిషీ నోటీసు తయారైంది. "మీరు విధులలో చేరిన నాటినుండి ఏ ఒక్క ప్యాకెట్‌ను లోనికి అనుమతించలేదని అభియోగము. మిమ్ములను ఆరవ స్థానమునకు ఎందుకు తగ్గించరాదో సంజాయిషీ ఇవ్వవలెను." నోటీసు పెట్టె మీద అంటించారు, అందినట్టు ఇద్దరు సాక్షులు సంతకం చేశారు. అత్యవసరం దృష్ట్యా గడువు మూడు రోజులకి తగ్గించారు. మూడు రోజులూ ధర్మారావు పెట్టె ముందు కుర్చీ వేసుకు కూర్చున్నాడు. పెట్టె ఏమీ అనలేదు.

"మౌనం అంగీకారమే గదండి" అన్నాడు ఆశగా.

"కాదు. సంజాయిషీ ఇవ్వని ఉద్యోగికి స్వయంగా మాట్లాడే అవకాశం ఇవ్వాలి" అన్నాడు వజ్రపాణి గారు. అదీ ధర్మారావు నేర్పిందే.

విచారణ హాల్లోనే జరిగింది. పెట్టె కింద ఒక కుర్చీ వేశారు, కుర్చీ ఖాళీగా ఉంది. మాటలు రాని ఉద్యోగికి సాయంగా ఒకరు మాట్లాడాలి కాబట్టి నస్రీన్‌ని నియమించారు. రెండు నెలలుగా ఆ ఆఫీసులో తిరుగుతోందేమో, ఆ పిల్లకి భాష పట్టుబడిపోయింది.

"నేను వకాల్తా పుచ్చుకున్న రూలుకి ఇచ్చిన ఆదేశం ఒకటే సార్. అన్నీ ఆపు. ఆపింది" అంది.

"పోర్టల్ కూడానా?" అన్నాడు ధర్మారావు.

"అన్నీ అంటే పోర్టల్ కూడా సార్. డి.డి. గారి ఫోను వచ్చినా మొహమాటపడలేదు. కమిషనరుగారి వీడియో వచ్చినా భయపడలేదు. చేరినప్పటినుంచి సెలవు పెట్టలేదు. భోజనానికి లేవలేదు. టీ అడగలేదు. తన పైన ఎవరున్నారు, కింద ఎవరున్నారు అని ఒక్కసారీ అడగలేదు."

వజ్రపాణి గారి కళ్ళు చెమర్చాయి. "ఇలాంటి ఉద్యోగి మన శాఖలో ఇంకొకరున్నారా? చెప్పండి ధర్మారావు గారూ, గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి" అన్నాడు. ధర్మారావు గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. చేతికి లోపలి జేబులో పచ్చ పెన్ను తగిలింది. "లేరండి" అన్నాడు.

అభియోగాలు రుజువు కాలేదని రాసి ఒకటో నంబరుని నిర్దోషిగా విడిచిపెట్టారు. దాంతో దాని స్థానం ఇదివరకటికన్నా గట్టిపడింది.

ముప్ఫై ఒకటో తారీకు వచ్చేసింది. పొద్దున్న తాయారు ఇస్త్రీ చొక్కా ఇస్తూ, "ఇవాళైనా వస్తుందంటారా? రాళ్ళతను అడుగుతున్నాడు, ఆ ఖాళీలో ఏం చెక్కమన్నారని" అంది. "ఐదింటిదాకా టైముంది" అన్నాడు ధర్మారావు. బస్సెక్కాక కూడా ఆ మాటే మనసులో అనుకుంటూ వెళ్ళాడు.

మధ్యాహ్నం భోజనాలవేళ, పెరుగన్నం ముందు పెట్టుకుని కలపడం మరిచిపోయి కూర్చున్నవాడికి ఠక్కున తట్టింది. సర్వీసంతా తను చేసిన పనే. సీట్లోంచి కదలని మనిషిని కదిలించాలంటే శిక్షించి ఎవడూ కదిలించలేడు, కోర్టుకెళ్తాడు. పైకి పంపాలి. సన్మానం చేసి, శాలువా కప్పి, సాగనంపాలి. కంచం అలాగే వదిలేసి డి.డి. గారి గదిలోకి వెళ్ళాడు.

"ఒకటో నంబరుకి పదోన్నతి ఇప్పిద్దామండి. కమిషనరేట్‌కి."

వజ్రపాణి గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "అద్భుతం. న్యాయం, పరిపాలన, మానవత, మూడూ ఒకే చోట. సిఫార్సు మీరే రాయండి."

ధర్మారావు రాశాడు. తన ఆర్డరు కోసం రాస్తున్నాడు గనక ప్రాణం పెట్టి రాశాడు. "ఇంతటి నిష్కళంకమైన సర్వీసు మరొకరికి లేదు. ప్రలోభమునకు లొంగదు. పక్షపాతము ఎరుగదు. రాత్రింబవళ్ళు మెలకువగా ఉండును. ఇట్టి సేవలు ఒక జిల్లాకే పరిమితము కాక, తక్షణమే రాష్ట్రస్థాయిలో వినియోగించుకొనుట ప్రజాప్రయోజనము దృష్ట్యా అవసరము." వజ్రపాణి గారు దాన్ని ల్యాండ్‌లైనులో కమిషనరుగారికి చదివి వినిపించారు. ఆయన అప్పటికే అతిక్రమణల శూన్యం మీద మనసు పారేసుకున్న మనిషి. తమ దగ్గర ఉన్న పెట్టె పట్టపగలు వంటల వీడియోలు వదిలేస్తోందట. తక్షణమే పంపండి, ఇక్కడ చేరడానికి వ్యవధి కూడా ఇవ్వనక్కర్లేదు అన్నారు.

నస్రీన్ అదే ఫోనులో కమిషనరేట్‌లో ఉన్న తమ కంపెనీ మనిషికి రూలు చదివి చెప్పింది. అతను అక్కడ రాసుకున్నాడు. ఎన్నో స్థానంలో పెట్టాలని అడిగాడు. నస్రీన్ ధర్మారావుకేసి చూసింది.

"పదోన్నతిపై వెళ్ళినవాడికి స్థానం తగ్గుతుందా అమ్మా? ఒకటోదే" అన్నాడాయన, తలెత్తకుండా, విడుదల ఉత్తర్వు మీద సంతకం పెడుతూ. ఆయన కళ్ళు గోడ గడియారం మీదే ఉన్నాయి. ఐదింటికి ఇంకా అరగంట పైనే ఉంది.

నస్రీన్ ఇక్కడి పెట్టెలోంచి ఒకటో నంబర్ని తీసేసింది. ఒక్కసారిగా ఆఫీసు బతికింది. నెలన్నరపాటు ఆగిపోయిన శుభోదయాలు, గులాబీలు, సూక్తులు అందరి ఆఫీసు మెయిళ్ళలోకీ కట్ట తెగినట్టు వచ్చి పడ్డాయి. పోర్టల్ తెరుచుకుంది. అందులోకి మొదటి అర్జీ వచ్చింది, లంక రైతుది. గండి మేమే గడ్డిమోపులు వేసి పూడ్చుకున్నాం, మా ఫిర్యాదు రద్దు చెయ్యండి అని. నమోదు కాని ఫిర్యాదుని రద్దు చెయ్యడం కుదరదని కనకరత్నం అప్పటికప్పుడు జవాబు పంపింది.

ధర్మారావు పచ్చ పెన్ను తీసి మూత విప్పి డి.డి. గారి బల్ల మీద పెట్టుకుని, ల్యాండ్‌లైనులో కమిషనరేట్‌కి ఫోను చేశాడు. "శంకరం, మా తలుపు తెరుచుకుంది. నొక్కు."

"నొక్కుతున్నానయ్యా." అవతల టకటక చప్పుళ్ళు వినిపించాయి. "నొక్కాను. మళ్ళీ నొక్కాను. ఇదేమిటి, మా దగ్గరనుంచే బయటికి వెళ్ళట్లేదే."

ధర్మారావు పచ్చ పెన్నుకి మూత పెట్టాడు.

"ఇప్పుడే మా పక్కసీటు అతను చెప్తున్నాడు. జిల్లానుంచి ఎవరో కొత్తగా వచ్చి చేరారట, ఒకటో నంబరుట. భలే సిఫార్సుట. లోపలికీ బయటికీ ఈగని కూడా పోనివ్వట్లేదట. కమిషనరుగారు మహా సంతోషంగా ఉన్నారు. ధర్మారావ్, వింటున్నావా?"

"వింటున్నాను" అన్నాడు ధర్మారావు. "దాన్ని కిందకి దించమని అడగొచ్చేమో" అన్నాడు శంకరం. "కుదరదయ్యా. విచారణ జరపాలి" అని ధర్మారావు ఫోను పెట్టేశాడు.

ఐదు కొట్టింది. హాల్లో వీడ్కోలు సభకి కుర్చీలు వేసి ఉన్నాయి. దండలు రెండే వచ్చాయి, ఒకటి నిండుగా, ఒకటి పల్చగా. రిటైరయ్యేవాడికి ఒకటి, పదోన్నతిపై వెళ్ళినవాడికి ఒకటి. ఏది ఎవరికి వెయ్యాలో తేల్చమని వజ్రపాణి గారు అలవాటుకొద్దీ ధర్మారావునే అడిగారు. నిజానికి ఆ ఒక్క క్షణం ఆయన అబద్ధమాడితే ఎవరికీ తెలిసేది కాదు. కాని ముప్ఫై ఏళ్ళ పైబడిన అలవాటు. "పదోన్నతి పొందినవారికే ముందండి" అన్నాడు. వెళ్ళినవాడి గుర్తుగా నిండు దండ తెల్లపెట్టె మెడలో వేశారు. పల్చటిది ఆయన వేసుకున్నాడు. టీ వచ్చింది. ఆ రోజు నుంచీ ఆయన పేరు జాబితాలో లేదు కాబట్టి ఆఖరి గ్లాసు అందింది. కనకరత్నం అది చూసి, తన గ్లాసు ఆయన చేతిలో పెట్టి ఆయనది తను తీసుకుంది. ఆ వేడి గ్లాసు పట్టుకుని ధర్మారావు చాలాసేపు తాగలేకపోయాడు.

ఇంటికెళ్ళేసరికి తాయారు గేటు దగ్గరే నిలబడి ఉంది. పక్కన గోడకి ఆనించిన రాతి పలక మీద ఆయన పేరు, పేరు కింద ఖాళీ.

"వచ్చిందా?" అంది.

"వచ్చింది. మా ఆఫీసులో ఇంకొకరికి వచ్చింది. నా కింద పని చేసినవాడే. సిఫార్సు కూడా నేనే రాశాను."

తాయారు ఆయన మెడలోని దండ తీసి గేటు మీద వేసింది. "మీరు రాస్తేనే వచ్చేసిందా? అంత బాగా రాశారా?"

"ఆ మాటల్లో సగం నా గురించి ఎవరైనా రాసుంటే, పచ్చ సిరాతోనే రిటైరయ్యేవాణ్ణి" అన్నాడు ధర్మారావు. అని లోపలి జేబులోంచి పెన్ను తీసి ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ దాన్ని తిప్పి చూసి, ఆవకాయ జాడీలకి పేర్లు రాయడానికి పనికొస్తుందని లోపలికి తీసుకెళ్ళింది.